తుప్పు పట్టిన సింగర్ 29కె తోలు మిషన్‌ను మళ్ళీ దారిలో పెట్టడం

బూట్లు, బ్యాగులు బాగుచేసే పాత దుకాణాల్లో ఈ మిషన్‌ను చూసే ఉంటారు. మామూలు కుట్టు మిషన్‌కు ఉన్నట్టు కింద వెడల్పాటి బల్ల ఉండదు, ఏనుగు తొండంలా ముందుకు చాచిన సన్నటి ఇనుప చెయ్యి ఉంటుంది, బూటును ఆ చెయ్యికి తొడిగి కుడతారు. దీని గొప్పంతా ఫుట్‌లో, అంటే తోలును పైనుంచి నొక్కి పట్టే పాదంలో ఉంది. మామూలు మిషన్‌లో కింద ఉన్న పళ్ళు గుడ్డను లాగుతాయి కదా, ఇందులో కింద పళ్ళే ఉండవు. పైనున్న ఫుట్టే లేచి, అడుగేసి, తోలును పట్టి లాక్కుపోతుంది. పైగా ఆ ఫుట్‌ను గుండ్రంగా ఎటు తిప్పితే అటు కుడుతుంది. బ్యాగును తిప్పక్కర్లేదన్నమాట.

29 అనేది మిషన్ రకం. 'కె' అంటే స్కాట్లాండ్‌లో గ్లాస్గో పక్కన, క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో ఉండిన కిల్‌బౌవీ ఫ్యాక్టరీ. 1911లో అక్కడ పెద్ద సమ్మె జరిగినప్పుడు దాదాపు 11,000 మంది పని చేసేవాళ్ళు, దాన్నిబట్టి ఎంత ఫ్యాక్టరీయో ఊహించుకోండి. 1980లో మూసేశారు. ఫ్యాక్టరీ పోయినా 'సింగర్' అనే రైల్వే స్టేషన్ మాత్రం ఆ ఊళ్ళో ఇంకా ఉంది. మీ దగ్గరున్నది అసలుదా, ఎవరైనా చేసిన కాపీయా అన్నది ముందు తేల్చుకోండి. అసలు సింగర్‌కు ఒంటి మీద సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది, 1900 తర్వాతి వాటికి నంబరు ముందు అక్షరాలు కూడా ఉంటాయి. కాపీ అయితే పారెయ్యమని కాదు, బాగా నడిచే కాపీలూ ఉన్నాయి, కానీ ధర ఆ లెక్కన మాట్లాడుకోండి.

నేను నా మిషన్‌ను ఒక పాత ఇనుము కొట్టులో కొన్నాను. "నూనె పోస్తే నడుస్తది అన్నా" అన్నాడు అమ్మినాయన. నూనె పోస్తే నిజంగానే తిరిగింది, కుట్టలేదు. మూడు ఆదివారాలు కూర్చుని తుప్పు గీకి, నల్లగా నిగనిగలాడేలా చేసి, దారం ఎక్కిస్తే ఒక కుట్టు రెండు మిల్లీమీటర్లు, తర్వాతది అర మిల్లీమీటరు, ఆ తర్వాత అసలు కుట్టే లేదు. అప్పుడు, నలభై ఏళ్ళుగా బూట్లు కుడుతున్న ఒక పెద్దాయన దగ్గరికి మోసుకుపోతే ఆయన దాన్ని ఓసారి అటూ ఇటూ ఊపి చూసి ఒకే మాట అన్నారు: "తుప్పు పట్టిన చోట ఏం చూస్తావు బాబూ, మెరిసే చోట చూడు." రెండు ఇనుములు రాసుకున్న చోటే మెరుస్తుంది, మెరిసిందంటే అక్కడ అరిగినట్టు. తుప్పు పైపైన ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది. ఈ మిషన్లను చంపేది అరుగుదల. కింద రాసిన పనులన్నీ ఆ వరసలోనే పెట్టాను.

కొనే ముందు చూడాల్సినవి ముందు చెబుతాను. చక్రాన్ని ఒక చేత్తో కదలకుండా గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో షటిల్‌ను, అంటే కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే భాగాన్ని, వేలితో అటూ ఇటూ కదపండి. వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు, గడియారం లోలకంలా ఊగుతుంటే లోపల పళ్ళు అరిగిపోయాయి. తర్వాత నీడిల్ బార్‌ను, అంటే సూది బిగించే కడ్డీని, పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, ఇక్కడా అదే లెక్క. ఫుట్‌ను కాస్త లేపి గుండ్రంగా పూర్తి చుట్టు తిప్పండి, ఎక్కడా పట్టెయ్యకూడదు. ఆ పొడవాటి చెయ్యి మొత్తాన్ని వేళ్ళతో తడిమి చూడండి, పోత ఇనుము కాబట్టి ఎప్పుడో కింద పడి ఉంటే పగులు గానీ, ఇత్తడితో అతికిన గీత గానీ తగులుతుంది. పగిలిన చెయ్యి ఉన్న మిషన్‌ను ఊరికే ఇచ్చినా తీసుకోను. చివరిగా షటిల్, బాబిన్, నీడిల్ ప్లేటు, ఫుట్ నాలుగూ ఉన్నాయో లేదో చూడండి. షటిల్ లేని మిషన్‌ను "సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుందిలే" అని కొనుక్కుంటే, మీరూ నాలాగే ఎండలో నాలుగు గల్లీలు తిరుగుతారు.

సరే, ఇంటికి తెచ్చారు. విప్పడానికి ముందు ఫోన్‌తో ఫోటోలు తీయండి, ప్రతి వైపునుంచీ, ప్రతి స్క్రూ విప్పే ముందు ఒకటి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. పాత సింగర్ స్క్రూల మరలు బజార్లో దొరికే మామూలు సైజులకు కలవవు, వాళ్ళ కొలతలు వాళ్ళవే. ఒక స్క్రూ పోతే హార్డ్‌వేర్ షాపులో దొరకదు, లేత్ పనివాడి దగ్గర చేయించుకోవాలి. స్టీలు పళ్ళెం ఒకటి, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టుకోండి. స్క్రూ డ్రైవర్ మొన స్క్రూ గాడిలో అటూ ఇటూ ఆడకుండా కూర్చోవాలి, లేకపోతే ఆకురాయితో దాని మొనను సరిచేసుకోండి. గాడి చెడగొట్టిన స్క్రూను తర్వాత తీయడం నరకం.

కదలని స్క్రూలకు డబ్ల్యూడీ-40 స్ప్రే ఒక్కటే మందు కాదు. ఎసిటోన్ సగం, పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ సగం కలిపి, రోజుకు రెండుసార్లు రెండేసి చుక్కలు వేసి వదిలెయ్యండి. రెండూ కలిసి ఉండవు, వేసే ముందు ప్రతిసారీ సీసా కుదపాలి. ఎసిటోన్ పెయింటును తినేస్తుంది కాబట్టి చుక్క పక్కకు పోకుండా చూసుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెండు మూడు రోజుల తర్వాత స్క్రూ డ్రైవర్ పెట్టి దాని పిడి మీద చిన్న సుత్తితో టకటకా నాలుగు దెబ్బలు, అప్పుడు ముందు బిగించే వైపు కాస్త, తర్వాత విప్పే వైపు. అప్పటికీ రాకపోతే వేడి గాలి గన్‌తో చుట్టూ ఉన్న ఇనుమును వేడి చేయాలి, అదీ ముందు వేసిన మందును తుడిచి, ఆరనిచ్చాకే. బలం పెట్టి తిప్పితే తల విరిగి చేతిలోకి వస్తుంది.

అన్నీ విప్పక్కర్లేదు, అసలు విప్పకండి. చక్రం తిరుగుతూ ఉంటే వెనక ఉన్న ప్రధాన షాఫ్టును కదపకండి. తల భాగం, షటిల్ భాగం, ఫుట్ లేపే లివర్లు, ఈ మూడే చాలు.

మన దగ్గరి పాత మిషన్లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంటుంది. మిషన్ నూనె అయిపోతే ఇంట్లో ఉన్న కొబ్బరి నూనో, ఆముదమో పోసేస్తారు. అవి కొన్నాళ్ళకు బంకలా గడ్డకట్టి గోధుమరంగు లక్కలా అంటుకుపోతాయి. మిషన్ జామ్ అయిందని అమ్మేసిన వాటిలో సగం ఇదే. దీనికి కిరసనాయిలు మందు, కానీ ఇప్పుడు కిరసనాయిలు దొరకడమే గగనం కాబట్టి డీజిల్ వాడుకోండి, నెమ్మదిగానైనా పని చేస్తుంది. విప్పిన చిన్న ముక్కల్ని రెండు రోజులు నానబెట్టండి. విప్పని భాగాల్లో ప్రతి నూనె రంధ్రంలోనూ సిరంజితో పోసి, చక్రం తిప్పి, నల్లటి మురికి కారిపోయాక మళ్ళీ పోయండి. కారేది తెల్లగా వచ్చేదాకా. తర్వాత ఒక పూట ఆరనిచ్చి, తెల్లటి మిషన్ ఆయిల్ పోయాలి. డీజిల్ కడుగుతుంది గానీ కందెనగా పనికిరాదు, నూనె పోయకుండా తిప్పి చూస్తే ఆ ఐదు నిమిషాల్లోనే మళ్ళీ అరుగుతుంది.

ఒంటి మీద బంగారు రంగు బొమ్మలు, అక్షరాలు మిగిలి ఉంటే వాటి జోలికి స్పిరిట్, థిన్నర్, ఎసిటోన్ ఏవీ తీసుకుపోవద్దు. పాత నల్ల పెయింటు మీద లక్క పూత ఉంటుంది, స్పిరిట్ తగిలితే కరిగి, బొమ్మతో సహా గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మిషన్ ఆయిల్‌లో దూదిని ముంచి, ఓపిగ్గా రుద్దడమే. ఇత్తడి బ్యాడ్జీ ఉంటే దాన్ని విప్పి చింతపండు పులుసుతో అమ్మ బిందె తోమినట్టు తోమండి, కాకపోతే మెత్తగా. మొత్తం గీకేసి కొత్తగా స్ప్రే పెయింట్ కొట్టడం చాలామంది చేస్తారు, నాకైతే నచ్చదు. అరిగిన నలుపు కింద అరచేతుల గుర్తులు కనబడేదే దాని అందం. సరే, మీ మిషన్ మీ ఇష్టం.

తుప్పు పని. పైపై తుప్పుకు నూనెలో తడిపిన ఇత్తడి బ్రష్షు, 400 నంబరు ఎమరీ పేపరు చాలు. లోతుగా పట్టిన ముక్కల్ని లీటరు నీళ్ళకు యాభై గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) కలిపి, అందులో కొన్ని గంటలు ఉంచి, మధ్యలో తీసి చూస్తూ ఉండండి. రాత్రంతా మర్చిపోయారంటే ఇనుము కూడా తినేసి గరుకుగా తేలుతుంది. బయటికి తీయగానే వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, నూనె రాయాలి, పది నిమిషాలు ఊరుకున్నా పసుపచ్చ తుప్పు మళ్ళీ మొలుస్తుంది. స్ప్రింగులను మాత్రం ఆ ఆసిడ్‌లో వెయ్యకండి, గట్టి స్టీలు పెళుసెక్కి తర్వాత టక్కున విరుగుతుంది. వాటిని చేత్తోనే రుద్దుకోవాలి.

ఇంతవరకూ వారం పది రోజుల పని. ఇప్పుడు మెరిసే చోట్లు.

మొదటిది షటిల్ నడిపే పళ్ళు. ఆ పొడవాటి చెయ్యి లోపల పళ్ళున్న కడ్డీ ఒకటి ముందుకూ వెనక్కూ ఆడుతుంది, అది చివరనున్న చిన్న పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం షటిల్‌ను ఊపుతుంది. షటిల్ పూర్తిగా తిరగదు, ఊగుతుందంతే, అందుకని ఏళ్ళ తరబడి అవే పళ్ళు రాసుకుంటాయి. పన్ను పక్కలు నిలువుగా కాకుండా సొరచేప పన్నులా వంగి ఉంటే అరిగినట్టే. వీటికి మందు లేదు, మార్చాల్సిందే. కొత్తగా చేసిన కడ్డీ, పళ్ళ చక్రం ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, జంటగానే కొనండి. పాత కడ్డీకి కొత్త చక్రం పెడితే ఆరు నెలల్లో రెండూ ఒకేలా అరుగుతాయి. ఆర్డర్ పెట్టే ముందు మీ మోడల్ నంబరు చూసుకోండి, 29కె కుటుంబంలో పొట్టి చెయ్యి, పొడుగు చెయ్యి, చిన్న బాబిన్, పెద్ద బాబిన్ అని రకాలున్నాయి, ఒకదాని కడ్డీ ఇంకోదానికి పట్టదు.

రెండోది, నన్ను మూడు వారాలు ఏడిపించింది, ఫుట్‌ను నడిపించే భాగం. చక్రం తిరిగితే వెనక నుంచి లివర్లు ఊగి, తల చుట్టూ ఉన్న రింగును ఎత్తి దించితే, ఆ కదలిక చివరికి ఫుట్ అడుగుగా మారుతుంది. మధ్యలో ఇన్ని కీళ్ళున్నాయి కదా, ఒక్కో కీలు దగ్గర పావు మిల్లీమీటరు లూజు ఉన్నా, నాలుగు కీళ్ళకు కలిపి మిల్లీమీటరు పోతుంది. మిషన్ అడుగు తగ్గుతుంది, కుట్టు పొట్టిదవుతుంది. ఫుట్‌ను ఒక దిక్కుకు తిప్పినప్పుడు కుట్టు సరిగ్గా ఉండి, మరో దిక్కుకు తిప్పగానే కుట్టు సగమైందంటే రింగు ఒక పక్కే అరిగిందని అర్థం. దీన్ని కనిపెట్టడానికి పద్ధతి ఇది: చక్రాన్ని కట్టేసి, ఒక్కో కీలు మీద వేలు పెట్టి, ఫుట్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించండి. ఏ కీలు దగ్గర వేలికి చిటుక్ అని తగిలిందో దోషం అక్కడ. అరిగిన పిన్నుల్ని లేత్ పనివాడి దగ్గర కాస్త లావుగా చేయించి, రంధ్రాన్ని రీమరుతో గుండ్రంగా సాపు చేయించుకోవాలి. లివరు మొన అరిగితే వెల్డింగుతో మెత్తించి, ఆకురాయితో పాత ఆకారానికి తెచ్చుకోవచ్చు. నేను అదే చేశాను, మొదటిసారి ఎక్కువ మెత్తడంతో ఫుట్ కిందికి దిగలేదు, రెండో రోజంతా గీకడమే సరిపోయింది. మెత్తడం తేలిక, గీకడం కష్టం, కొంచెం కొంచెంగా చేయండి.

ఫుట్ అడుగున ఉండే పళ్ళు తోలు మీద గుర్తులు వేస్తాయి. బూటు రిపేరుకు ఎవరూ పట్టించుకోరు గానీ పర్సులు, బ్యాగులు కుట్టాలంటే అసహ్యంగా ఉంటుంది. పళ్ళను మొత్తం అరగదీసేస్తే తోలు జారి కదలదు, మొనలు మాత్రం తగ్గించి, వైరింగ్ షాపులో దొరికే హీట్ ష్రింక్ గొట్టం ముక్క తొడిగి వేడి చేయండి. అరిగినప్పుడల్లా కొత్తది తొడుక్కోవడమే.

ఇక సూది. దీనికి మామూలు టైలర్ మిషన్ సూది పట్టదు. 29×3 అయితే గుండ్రటి మొన, గుడ్డకు, కాన్వాసుకు. 29×4 అయితే తోలును కోసుకుంటూ దిగే మొన. తోలు పనికి 29×4 అడగండి. సూది పక్కన ఉన్న పొడుగు గాడి దారం వచ్చే వైపు ఉండాలి, షటిల్ మొన తగిలే వైపు చెంప చెక్కినట్టు ఉన్న భాగం ఉండాలి. తిరగేసి పెడితే ఎంత టైమింగ్ (సూది, షటిల్ ఒకచోట కలిసే వేళ) సరిచేసినా కుట్టు పడదు. దారం బాండెడ్ నైలాన్ గానీ పాలిస్టర్ గానీ, దాని మందాన్ని టెక్స్ నంబరుతో చెబుతారు, నంబరు పెరిగితే మందం; టెక్స్ 70 దారానికి 18 నంబరు సూది, టెక్స్ 135 దారానికి 22 నంబరు సూది. చిన్న బాబిన్ మిషన్‌లో టెక్స్ 135 ఎక్కించొచ్చు గానీ నాలుగు జానల కుట్టుకే బాబిన్ ఖాళీ అయినట్టు అనిపిస్తుంది. నేను టెక్స్ 70 దాటను. బెల్టులకు వేసే మందపాటి దారాలు దీనికి కుదరవు, అది వేరే జాతి మిషన్ల పని. తోలు అన్ని మడతలూ కలిపి ఐదారు మిల్లీమీటర్లు దాటినా దీన్ని హింసించొద్దు.

దారం ఎక్కించడం చూసి కొత్తవాళ్ళు బిత్తరపోతారు. నీడిల్ బార్ మధ్యలో బోలుగా ఉంటుంది, పైనుంచి వచ్చే దారం ఆ బోలులోంచే కిందికి దిగాలి. దానికో సన్నటి కొక్కెం తీగ ఉంటుంది, పాత మిషన్లకు అది ఎప్పుడో పోయి ఉంటుంది. సన్నటి రాగి తీగను మధ్యకు మడిచి కింది నుంచి పైకి దూర్చి, మడతలో దారం పెట్టి లాగితే సరి. ముందు ఆ బోలులో డీజిల్ పోసి శుభ్రం చేశారా? నేను చేయలేదు, ఏళ్ళనాటి మైనం, పీచు అంతా దారానికి అంటుకుని తెల్లటి తోలు మీదకి దిగింది.

టైమింగ్‌కు కంగారు పడొద్దు. నీడిల్ ప్లేటు తీసేసి, చక్రాన్ని చేత్తో మెల్లిగా తిప్పండి. సూది పూర్తిగా కిందికి దిగి, మళ్ళీ రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే షటిల్ మొన సూది దగ్గరికి రావాలి, సూది కన్నుకు కాస్త పైనుంచి, సూదికి తగలకుండా, కానీ మధ్యలో కాగితం పట్టేంత సందుతో వెళ్ళాలి. మొన కన్ను కంటే కిందికి వస్తే నీడిల్ బార్ ఎత్తు చూడండి, ముందో వెనకో వస్తే షటిల్ వైపు పళ్ళ అమరిక చూడండి. షటిల్ మొన మొద్దుబారి ఉంటే సన్నటి నూనె రాయి మీద రెండు మూడు సార్లు మాత్రమే రాయండి. పళ్ళ లూజు తీయకుండా టైమింగ్ పెడితే, అది ఈ రోజు ఉంటుంది, రేపు పోతుంది.

టెన్షన్, అంటే దారం బిగువు, కింది నుంచి మొదలుపెట్టాలి. బాబిన్ వేసిన షటిల్‌ను దారం పట్టుకుని వేలాడదీయండి. ఊరికే జారిపోకూడదు, చిన్నగా ఒక కుదుపు కుదిపితే కాస్త దిగి ఆగాలి. అలా కుదిరాక కింది స్క్రూను ముట్టుకోకండి, మిగతాదంతా పై టెన్షన్‌తోనే. కుట్టు అడుగు వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటే పైది వదులు, బిగించండి. కింది దారం పైకి చుక్కల్లా కనిపిస్తే పైది బిగువు, వదలండి. రెండు దారాలూ కలిసే ముడి, తోలు మందంలో మధ్యలో దాక్కోవాలి, అందుకని ఒంటి పొర మీద పరీక్ష చేసి లాభం లేదు, రెండు పొరలు, కలిపి మూడు మిల్లీమీటర్లు ఉన్న పనికిరాని తోలు ముక్కలు తెచ్చుకోండి. పై దారానికి తెలుపు, కిందికి ఎరుపు పెడితే ఏది ఎటు లాగుతోందో ఇట్టే తెలుస్తుంది.

మోటారు పెట్టాలా అని అందరూ అడుగుతారు. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే టైలరింగ్ మోటారు మాత్రం వద్దు. ఇది అడుగడుగునా ఆగి, ఫుట్ తిప్పి, మళ్ళీ కుట్టే మిషన్, చక్రానికి ఉన్న పిడితో తిప్పుకోండి లేదా తొక్కుడు స్టాండు మీద పెట్టుకోండి. మరీ కావాలంటే వేగం తగ్గించుకునే సర్వో మోటారు, అదీ చిన్న పుల్లీతో. నేను పిడితోనే తిప్పుతాను, కుడి చెయ్యి చక్రం మీద ఉంటే సూది ఎక్కడ ఇబ్బంది పడుతోందో చేతికే తెలిసిపోతుంది.

కుట్టడం మొదలయ్యాక మొదటి వారం ప్రతి రోజూ నూనె వేయండి, ఒక్కో రంధ్రానికి ఒక్క చుక్క, అదనంగా కారింది తుడిచి, రెండు తోలు ముక్కలు ఊరికే కుట్టి పారేయండి, లేకపోతే మొదటి పర్సు మీద నూనె మరక ఖాయం. వారం తర్వాత లివర్ల పిన్నులు, నీడిల్ బార్ స్క్రూలు ఒకసారి బిగించి చూడండి, కొత్తగా వేసిన పిన్నులు కుదురుకునేటప్పుడు వదులవుతాయి. వానాకాలంలో రాత్రి పని ఆపేటప్పుడు నూనె గుడ్డ ముక్కను ఫుట్ కింద పెట్టి, సూదిని అందులోకి దించి వదిలేస్తాను. నీడిల్ ప్లేటు మీద తుప్పు చుక్క పడి రెండేళ్ళయింది.